మట్టి అతికిన ఎర్ర మోటరు

వదిన చనిపోయి నెల దాటాక, ఒక మధ్యాహ్నం మా మేనకోడలు పద్మ మా ఇంటికి వచ్చింది. చేతిలో వదిన పూజకు వాడుకున్న ఇత్తడి పెట్టె. తల్లి వస్తువులు సర్దుతుంటే దేవుడి అరలో వెనకవైపు దొరికిందట. మూత తీస్తే కర్పూరం వాసన, ఎండిన తమలపాకులు, వాటి కింద దూదిలో చుట్టిన అరచేతి వెడల్పు మట్టి పెళ్ళ. ఒకవైపు నున్నటి ఎర్ర రంగు, ఆ ఎరుపు మీద సన్నటి బంగారు గీత. రెండోవైపు కొబ్బరి పీచు తేలిన ఒట్టి మట్టి. ఎరుపు మీద ఏళ్ళ తరబడి పెట్టిన కుంకుమ బొట్లు ఒకదాని మీద ఒకటి పేరుకుని గట్టిపడ్డాయి.

"అత్తా, గిది ఏ దేవునిది? పాత గణపతి విగ్రహం ముక్క లెక్క కొడ్తున్నది. చవితి దగ్గరికొచ్చె గద, నిమజ్జనం నాడు నీళ్ళల్ల ఇడిసిపెడ్దామా?" అని అడిగింది పద్మ.

నేను చూడగానే గుర్తుపట్టాను. గుర్తుపట్టి ముఖం తిప్పుకున్నాను. ఇన్నేళ్ళ తర్వాత కూడా ఆ ఎరుపు కంటపడగానే చెవులు వేడెక్కాయి. మా ఇంట్లో ఎవరూ దాని మాట ఎత్తేవాళ్ళు కాదు. వదిన ముందైతే అసలే ఎత్తేవాళ్ళు కాదు. అలాంటిది వదిన దేవుడి పెట్టెలోనే అది దూదిలో పడుకుని బొట్టు పెట్టించుకుంటూ ఉందంటే నాకు ఏమీ అర్థం కాలేదు. మా నగుబాటును ఈమె ఇన్నాళ్ళూ ఇంత భద్రంగా దాచిపెట్టుకుందా? "చాయ్ పెట్టుకొస్త కూసో బిడ్డా" అని వంటింట్లోకి వెళ్ళి పాలు పొయ్యి మీద పెట్టాను. పాలు పొంగే వాసన వస్తే నాకు ఇప్పటికీ ఆ మోటరే గుర్తుకొస్తుంది.

మా బాపుది పాల వ్యాపారం. కిషన్‌బాగ్‌లో బర్రెల కొట్టం, దానికి ఆనుకుని మేముండే రెండు గదులు. తెల్లవారక ముందే పాలధార చెంబులో పడే చప్పుడు, నానిన తవుడు వాసన, పేడ ఎత్తుతూ అమ్మ గొణుగుడు, ఇవే మా ఇంటి పొద్దుపొడుపు. బాపు గొంతు పెద్దది. బర్రెను పిలిచినా మమ్మల్ని పిలిచినా ఒకటే కేక. పాలల్లో నీళ్ళు కలిపావా అని ఎవరైనా వేళాకోళానికి అడిగినా సరే, మర్నాటి నుంచి ఆ ఇంటికి పాలు బంద్. ఇంటికొచ్చి బతిమాలినా పోసేవాడు కాదు. ఎవరి ముందూ తల దించని మనిషి అని పేటలో పేరు. ఆ పేరంటే ఆయనకు ప్రాణం. రుమాలు తలకు చుట్టుకునేటప్పుడు కూడా అద్దంలో ఆ పేరునే చూసుకుంటాడని అమ్మ ఎగతాళి చేసేది.

చార్మినార్ వెనక ఒక నవాబుల దేవిడీకి మా తాత కాలం నుంచి మా పాలే. ఆ దేవిడీ పంపకాలై, వారసులు ఒక్కొక్కరూ సామాన్లు బండ్లకెత్తుకుని పోతుంటే, వాకిట్లో కోళ్ళు పొదిగే ఎర్ర కారొకటి ఎవరికీ అక్కర్లేక మిగిలిపోయింది. ఇద్దరే కూర్చోగల విలాయతీ బండి. మూతి పొడుగు, పైకప్పు గుడ్డది, కూర్చుంటే నేల మీద చతికిలబడినట్టే ఉంటుంది. ముందున్న కంపెనీ బిళ్ళ ఎప్పుడో ఊడిపోయింది కాబట్టి దాని పేరు మాకెవరికీ తెలియదు. పెద్ద బేగం సాహెబా బాపును పిల్లవాడిగా ఉన్నప్పటి నుంచీ చూసిన మనిషి. "లే జారే మల్లేశ్, నీ బర్రెల పక్కన పడి ఉంటది" అందట. బాపు దాన్ని తోయించుకుని తెచ్చి, బహదూర్‌పురా గఫూర్ భాయ్ చేత ఇంజను బాగు చేయించి, సీట్ల వెనకున్న కాస్త చోటులో పాల క్యాన్లు సర్దాడు. గఫూర్ భాయ్ మోటర్ల సొట్టలు తీసి రేకు పని చేసేవాడు. అది స్పోర్ట్స్ కారని, పందేల్లో ఉరకడానికి చేసిన బండని చాలా రోజుల తర్వాత మా అన్న ఏదో ఇంగ్లీషు పత్రికలో బొమ్మ చూసి చెప్పాడు. పేటవాళ్ళకు మాత్రం అది దూద్ కీ గాడీ. మాకు మోటరు.

ఆ మోటరుకు సెలవు లేదు. మూసీకి అవతలి ఇరానీ హోటళ్ళలో మొదటి చాయ్ కాగే వేళకు పాలు చేరాలి. ఎండైనా, చలైనా, వానైనా బాపు దాన్ని బయటికి తీయాల్సిందే. గుడ్డ కప్పును ఒక ఎండాకాలం మా బర్రె తీరిగ్గా నమిలేసింది. అప్పటి నుంచి దానికి ఆకాశమే కప్పు. వానాకాలంలో బాపు గోనెసంచిని కొప్పెర వేసుకుని, ముఖం మీద నీళ్ళు తుడుచుకుంటూ నడిపేవాడు. లోపల పడిన వాననీళ్ళు, క్యాన్లలోంచి తొణికిన పాలు, బాపు చెప్పుల పేడ, మూడూ కలిసి కాళ్ళ కింద మడుగు కట్టేవి. నన్ను కాలేజీ మీదుగా దింపిపోతుంటే మూల మీదే దిగిపోయేదాన్ని. దిగినా లాభం లేదు, పులిసిన పాల వాసన నా ఓణీతో పాటు క్లాసులోకి వచ్చేది. అన్నకు సర్కారు ఫ్యాక్టరీలో ఉద్యోగమొచ్చాక ఆయన ఆ బండి ఎక్కడమే మానేశాడు. సైకిల్ తొక్కుకుంటూ పోతున్న అన్న పక్కకే బాపు మోటరు తెచ్చి, "రారాదు, గేటు దాంక ఇడిసిపెడ్త" అని కేక వేస్తే, అన్న చెవిటివాడిలా ముందుకు చూస్తూ తొక్కేవాడు.

తుప్పు అని నేనిప్పుడు రాస్తున్నాను గాని, మా ఇంట్లో దాన్ని చిలుము అనేవాళ్ళం. ముందు క్యాన్ల కింద మొదలైంది. తర్వాత తలుపుల అడుగున, ఆ తర్వాత చక్రాల మీది మడ్‌గార్డులకు పాకింది. బాపుకు తెలిసిన వైద్యమంతా బర్రెల వైద్యమే. గిట్టకు పుండు పడితే ఏం చేస్తాడో దీనికీ అదే చేశాడు, ఆముదంలో పసుపు కలిపి పట్టించాడు. కొన్నాళ్ళు మోటరు పసుపూ ఎరుపూ కలిసి బాలింతలా తిరిగింది. అది చూడలేక అమ్మ ఒకరోజు చింతపండు, కొబ్బరి పీచు పట్టుకుని ఇత్తడి బిందెలు తోమినట్టు తోమింది. సాయంత్రానికి రేకు తళతళలాడింది. అమ్మ నడుం మీద చేతులు పెట్టుకుని "సూడుండ్రి" అంది. వారం తిరగకముందే ఆ తోమిన చోటల్లా కొత్త చిలుము మరింత ఎర్రగా లేచింది. ఒక పొద్దున బాపు క్లచ్ తొక్కబోతే చెప్పు రేకులోంచి దూరి రోడ్డుకు తగిలింది.

అప్పుడే అన్నకు సంబంధం కుదిరింది. అమ్మాయి పేరు సులోచన. తండ్రి రైల్వేలో హెడ్ క్లర్కు, సికింద్రాబాద్‌లో క్వార్టర్. మాకంటే చదువుకున్నవాళ్ళు, నెమ్మదిగా మాట్లాడేవాళ్ళు. బాపుకు వాళ్ళను చూసినప్పటి నుంచి ఒకటే ఆరాటం. పాలోళ్ళ ఇంట్లో పిల్లనిచ్చామని వాళ్ళు ఏనాడూ అనుకోకూడదు. పెళ్ళికొడుకు తన సొంత మోటరులో పోవాలి, కోడలు ఆ మోటరులోనే మా వాకిట్లో దిగాలి. అన్న ముఖం మాడ్చుకుని, "బాపూ, గా డొక్కు మీద నేను పోను. ట్యాక్సీ మాట్లాడుత" అన్నాడు.

"డొక్కు గిక్కు అన్నవంటే మంచిగుండదు. కొత్త పెండ్లికొడుకు లెక్క తయారు జేపిస్త సూడు. ఆళ్ళ రైల్వేల గిట్లాంటి మోటర్ ఎవనికన్న ఉన్నదా?" అన్నాడు బాపు.

గఫూర్ భాయ్ బండి చుట్టూ తిరిగి, అక్కడక్కడా సుత్తితో కొట్టి చూశాడు. బాగున్న రేకు ఖంగుమంది, కుళ్ళిన రేకు తప్పుమంది. ఎక్కువ భాగం తప్పుమంటూనే ఉంది. "పూరా సడ్ గయా మల్లేశ్ భాయ్. కోసి కొత్త రేకు అతకాలె. నెల దినాలు ఇడిసిపెట్టుండ్రి" అన్నాడు. పెళ్ళి చూస్తే శ్రావణంలో, ముంచుకొచ్చేసింది. "నెల దినాలు పాలు ఎట్ల పోవాలె?" అని బాపు మోటరును తిప్పుకుని వచ్చేశాడు. ఇంటికి రాకుండా మూసీ దాటి ధూల్‌పేట్‌కు పోయాడు. అక్కడ గోపీ సింగ్ కాకా ఉండేవాడు. వినాయకులను చేసే మనిషి, బాపుకు బాల్య స్నేహితుడు. చవితి దగ్గర పడుతున్న రోజులు కనుక ఆయన వాకిలంతా కళ్ళు దిద్దని గణపతులే. బాపు మోటరును, బాధను రెండింటినీ ఆయన ముందు పెట్టాడు. గోపీ సింగ్ కాకా మడ్‌గార్డు చిల్లులో చెయ్యి దూర్చి చూసి నవ్వాడు. "అరే భాయ్, గింత పొట్ట, గింత తొండం నిలవెడ్త నేను. నీ మోటర్‌కు రెండు రెక్కలు పెట్టుడు ఏంది? ఫికర్ మత్ కరో."

పాలు పోసి వచ్చాక రోజూ మోటరు ధూల్‌పేట్‌కు పోయేది. నేనూ రెండుమూడు సార్లు చద్ది పట్టుకుపోయాను. అటూ ఇటూ తెల్లటి గణపతులు, మధ్యలో మా బండి. కాకా బంకమట్టిలో కొబ్బరి పీచు, సుద్ద, చింతగింజల జిగురు కలిపి పిసికి, చిల్లుల మీద వెదురు పేళ్ళు అడ్డంగా కట్టి, వాటి మీద ఆ ముద్ద మెత్తాడు. తడిచేత్తో నున్నగా నిమిరాడు. తలుపు అడుగు, మడ్‌గార్డుల వంపు, ఏది ఎక్కడ పోయిందో అక్కడ అదే లేచి నిలబడింది. ఆరాక గణపతి పంచెకు వేసే నిగనిగలాడే ఎర్ర ఎనామిల్ వేశాడు. కిరీటానికి దిద్దే బంగారు రంగుతో పక్క పొడుగునా సన్నటి గీత గీశాడు. చివరికి ముందు దీపాలు తుడిచి, "కండ్లు ఆఖర్‌కే తెరవాలె" అని బొట్టు పెట్టాడు. వానకు ఏమైనా అవుతుందా అని బాపు ఒక్కసారి అడిగాడు. "మీద ఎనామిల్ ఉన్నది గద, బొట్టు నీళ్ళు దూరయ్" అన్నాడు కాకా. ఆయన చేసే విగ్రహానికి వాన పైనుంచే వస్తుంది. చక్రాలు తిరిగితే నీళ్ళు కింది నుంచి కూడా చిమ్ముతాయని ఆయనకు తట్టలేదు. పాతికేళ్ళుగా బండ్లు తోలిన బాపుకూ తట్టలేదు. వాళ్ళిద్దరూ మోటరు అందం చూసి మైమరిచిపోయి ఉన్నారు.

నిజం చెప్పాలంటే మేమందరమూ మైమరిచిపోయాం. పెళ్ళినాడు పొద్దున మబ్బు లేదు. అమ్మ ముందురోజే కుంకుడు రసంతో లోపలంతా కడిగి సాంబ్రాణి పొగ వేసింది. సికింద్రాబాద్ రైల్వే మైదానంలో షామియానా ముందు మా ఎర్ర మోటరు ఆగగానే పెళ్ళివాళ్ళు అటు తిరిగారు. రైల్వే బాబులు చేతులు వెనక్కి కట్టుకుని చుట్టూ తిరిగి చూశారు. సులోచన తండ్రి బానెట్ మీద చెయ్యి వేసి "విలాయతీ మాల్" అన్నాడు. బాపు భోజనానికి కూడా కూర్చోకుండా కొత్త రుమాలు చుట్టుకుని బండి పక్కనే నిలబడ్డాడు. అన్న నుదుటి మీది బాసికం సర్దుకుంటూ నా చెవిలో, "బాపు మస్తు జేపిచ్చిండే" అన్నాడు. అన్న నోట బాపును మెచ్చుకునే మాట నేను వినడం అదే మొదటిసారి.

అప్పగింతలై తిరుగు ప్రయాణం మొదలయ్యేసరికి పొద్దు వాలింది. ఇద్దరే పట్టే బండి కాబట్టి అన్న తానే తోలాడు. పక్కన కొత్త పెళ్ళికూతురు. తోడు వెళ్ళే ఆడపడుచును కనుక నేను వెనక పాల క్యాన్ల చోటులో మోకాళ్ళు ముడుచుకుని కూర్చున్నాను. వెనకాల లారీలో బాపు, అమ్మ, చుట్టాలు, బ్యాండ్ మేళం. ట్యాంక్‌బండ్ మీద చినుకులు పడ్డాయి. నాంపల్లి దాటేసరికి వాన దంచింది. బేగంబజార్‌లో నీళ్ళు చక్రాల సగానికి నిలిచాయి. అన్న ఆపుదామంటే ఆపేందుకు చోటు లేదు. ముందు బంగారు గీత కారిపోయింది. తర్వాత నా వైపు మడ్‌గార్డు తడిసిన అప్పడంలా మెత్తబడి ఒకవైపుకు వంగింది. చూస్తుండగానే సగం ఊడి నీళ్ళలో పడింది, ఎర్రటి బురద మా వెనక పారింది. "అన్నా, పోయిందే" అన్నాను. "సప్పుడు జెయ్యకు" అన్నాడు అన్న, పళ్ళు బిగించి.

పురానాపూల్ దగ్గర, సరిగ్గా ధూల్‌పేట్ మొదట్లో, ఇంజను ఆగిపోయింది. రోడ్డు పక్కన విగ్రహాలవాళ్ళు తమ గణపతుల మీద తాడిపత్రి గుడ్డలు కప్పుకుంటూ పరుగులు తీస్తున్నారు. వాళ్ళ మధ్యలో, నడిరోడ్డు మీద, ఒక ఎర్ర మోటరు పెళ్ళికొడుకును పెళ్ళికూతురును కూర్చోబెట్టుకుని కరిగిపోతున్నది. అందరూ ఆగి చూశారు. తర్వాత గుంపులోంచి ఎవడో గొంతెత్తి, "గణపతి బప్పా..." అన్నాడు. రోడ్డు రోడ్డంతా "మోరియా" అంది. ఇంకోసారి, ఇంకోసారి. నవ్వులు, ఈలలు. వెనక లారీలో ఉన్న బ్యాండువాళ్ళకు ముందేం జరుగుతున్నదో కనిపించలేదు. మోరియా వినబడగానే అలవాటు కొద్దీ నిమజ్జనం దరువు అందుకున్నారు. అన్న స్టీరింగు మీద తల ఆనించేశాడు. భూమి చీలితే లోపలికి పోదామన్నంత సిగ్గు నాకు. పాటలాంటి ఆ కేక ఆగడం లేదు.

"బంద్ జెయ్యుండ్రిరా!" అని అరుస్తూ బాపు లారీ మీంచి దూకాడు. మోకాలి లోతు నీళ్ళలో ఉరికి వచ్చాడు. సరిగ్గా అప్పుడే వదిన వైపు తలుపు అడుగంతా జారింది. దాన్ని పట్టుకోబోయిన వదిన చేతిలో ఒక పెళ్ళ మిగిలింది. బాపు వచ్చి ఆ తలుపు దగ్గర నిలబడ్డాడు. వదిన తల కిందికి వంచి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఉంది. భుజాలు అదిరిపోతున్నాయి. కళ్ళ నుంచి నీళ్ళు కారుతున్నాయి, కుంకుమ ముక్కు మీదికి జారింది. "బిడ్డా..." అన్నాడు బాపు. గోపీ సింగ్ కాకా ఎక్కణ్ణుంచో తాడిపత్రి గుడ్డ తెచ్చి, తన గణపతులకు కప్పినట్టే మా ముగ్గురి మీదా కప్పాడు. మిగిలిన దారి జనం మోటరును తోశారు. బాపు రుమాలు తీసి చంకలో పెట్టుకుని, వానలో, అందరికంటే వెనక నడిచి వచ్చాడు.

కొత్త కోడలిని మొదటి రోజే నడిబజారులో నలుగురూ నవ్వేలా చేసి ఏడిపించానని బాపు మనసులో మేకు దిగింది. ఆ రోజు నుంచి ఆమె ముందు తల ఎత్తలేదు. ఆమె వాకిట్లో ఉంటే పెరటి దారిన కొట్టంలోకి పోయేవాడు. ఆమె చాయ్ తెస్తే గడప దగ్గర పెట్టమని అమ్మతో చెప్పించేవాడు. ఇంట్లో మోటరు మాట, వాన మాట కూడా ఆచితూచి ఎత్తేవాళ్ళం. కొన్ని రోజులకే చవితి వచ్చింది. కాకా తల వంచుకుని వచ్చి, ఎవరూ అడగకుండానే ఒక గణపతిని మా పీట మీద పెట్టిపోయాడు. పూజయ్యాక అందరం భోజనానికి కూర్చున్నాం. ఉండ్రాళ్ళు వడ్డిస్తున్న వదిన బాపు దగ్గర ఆగి, పీట మీది గణపతిని చూపిస్తూ, మెల్లగా, "మామా, ఈయన మీద గూడ తాడిపత్రి కప్పాల్నా?" అంది.

మా అందరి చేతులూ ఆగిపోయాయి. బాపు విస్తరి ముందు నుంచి లేచి, చెయ్యి కడుక్కుని కొట్టంలోకి వెళ్ళిపోయాడు. అన్న వదిన వైపు ఉరిమి చూశాడు. అమ్మ వంటింట్లోకి పోయి, "ఎంత పొగరు, పుండు మీద కారం జల్లుతున్నది" అని గొణిగింది. వదిన గరిటె పట్టుకుని అలాగే నిలబడిపోయింది. ఆ తర్వాత ఆమె బాపు ముందు నోరు విప్పి ఒక్క వేళాకోళమూ ఆడలేదు. మా ఇంట్లో ఎవరి ముందూ ఆడలేదు.

ఆ శీతాకాలం బాపు సైకిల్‌కు క్యాన్లు కట్టుకుని పాలు పోశాడు. మోటరు గఫూర్ భాయ్ దగ్గర పెట్టి, పాలు పోసి రాగానే తానూ అక్కడే కూర్చునేవాడు. ఈసారి మంచి రేకు తగిలేదాకా కుళ్ళిందంతా కోయించాడు. నూనె డ్రమ్ము విప్పదీసి, ఆ రేకును సుత్తితో వంపు తిప్పి, గ్యాస్ మంటతో అతికించారు. బాపు రోజంతా ఉప్పుకాగితంతో రుద్దుతూనే ఉండేవాడు. చేతివేళ్ళ చివర్లు అరిగి, పాలు పిండితే మండేవి. పైన రంగు కంటే ముందు అడుగున డాంబరు పూత మందంగా వేయించాడు. ఇంటికి తెచ్చాక నన్ను లోపల కూర్చోబెట్టి, కింది నుంచి, పక్కల నుంచి బిందెలకు బిందెలు నీళ్ళు కొట్టాడు. "సుక్క వచ్చిందా బిడ్డా?" అంటాడు. "లేదు బాపూ" అంటాను. ఇంకో బిందె. అమ్మ నీళ్ళు వృథా అవుతున్నాయని అరిచినా వినలేదు. వదినకు అప్పటికి ఏడో నెల. పురిటికి పుట్టింటికి పోవాలి. ఆమెను ఈ మోటరులో, ఒక్క చుక్క తడవకుండా, సికింద్రాబాద్‌లో ఆ బానెట్ మీద చెయ్యి వేసిన మనిషి వాకిట్లో దింపి రావాలని బాపు ఆశ. నోరు తెరిచి చెప్పలేదు గాని, ఇంట్లో అందరికీ తెలుసు.

బయల్దేరే రోజు బాపు రుమాలు చుట్టుకుని మోటరును గుమ్మం ముందుకు తెచ్చి పెట్టాడు. పక్క సీటు మీద ఉతికిన దుప్పటి పరిచి ఉంది. అన్న వీధి చివరి నుంచి ట్యాక్సీలో వచ్చాడు. దిగి, ఎవరి ముఖమూ చూడకుండా వదిన పెట్టెను ట్యాక్సీలో పెట్టాడు. వదిన గడప దిగి మోటరు వైపు చూసింది, దుప్పటి వైపు చూసింది. "ఎక్కు, లేటయితది. ఇంకోపారి లొల్లి గావాల్నా?" అన్నాడు అన్న. ఆమె ట్యాక్సీ ఎక్కింది. బాపు దుప్పటి మడిచి అమ్మ చేతికిచ్చి, మోటరును వెనక్కి నడుపుకుంటూ కొట్టంలోకి తీసుకుపోయాడు. కోడలికి కూడా నా బండంటే రోతే అనుకున్నాడు. ఆ పూట బర్రెలకు మేత వేస్తూ ఆయన కళ్ళు తుడుచుకోవడం నేను కిటికీలోంచి చూశాను.

ఆ తర్వాత ఆ మోటరు చాలా ఏళ్ళు పాలు మోసింది. ప్రతి వానాకాలం తర్వాత బాపు దాని పక్కన గోనెపట్టా పరుచుకుని, చిలుము గీకి, పూత పూసుకునేవాడు. పాలు ప్యాకెట్లలో రావడం మొదలై బర్రెలు తగ్గాక బార్కస్ నుంచి ఒక గ్యారేజీ ఆయన వచ్చి దాన్ని తోలుకుపోయాడు. "అడుగు గట్టిగున్నది" అని ఆయన మెచ్చుకుంటే బాపు తల ఊపాడంతే. బాపు పోయేటప్పుడు కూడా మాతో అన్న మాట, "ఆ పిల్లను ఏడిపిచ్చిన" అనే.

ఇప్పుడు పెళ్ళిళ్ళలో పాత విలాయతీ బండ్లను అద్దెకు తెచ్చి, పూలు కట్టి, వాటి ముందు పెళ్ళికూతుళ్ళే డాన్సు చేస్తున్నారు. అలాంటి బండి ఒకటి వానలో కరిగితే ఈ పిల్లలు నవ్వి నవ్వి, ఫోన్లలో తీసి, ఊరంతటికీ పంపి, రాత్రికి మరిచిపోతారు. మామా కోడలూ పక్కపక్కన కూర్చుని అది చూస్తారు. మా ఇంట్లో అట్లా ఎవరూ నవ్వలేదు. ఎవరూ ఎవరినీ ఏమీ అడగలేదు. పరువు పోయిందని నలుగురం నాలుగు మూలల్లో కూర్చున్నాం, అదే మర్యాద అనుకున్నాం.

చాయ్ పట్టుకుని వచ్చి పద్మ పక్కన కూర్చున్నాను. "అమ్మ నీకు ఎప్పుడన్న చెప్పిందా, గిది యాడిదని?" అన్నాను.

"అడిగితే నవ్వుడే గాని చెప్పకపోయేది అత్తా. చవితికి చవితికి బొట్టు పెట్టేది. దవాఖానల ఉన్నప్పుడు ఒక్కసారి అన్నది. 'నా పెండ్లి నాడు పురానాపూల్ కాడ నవ్వినంత నా జన్మల నవ్వలేదే. మోటర్ కరుగుతున్నది, జనం మోరియా అంటున్నరు, బ్యాండోళ్ళు గూడ అందుకున్నరు. కొత్త కోడల్ని, మామ ముందట నవ్వితే ఏమనుకుంటడో అని కొంగు నోట్ల కుక్కుకున్న. కడుపు నొచ్చి కండ్లల్లకెళ్ళి నీళ్ళు గారినయ్' అన్నది." పద్మ చాయ్ ఒక గుక్క తాగింది. "ఇంకోటి గూడ అన్నది. 'చవితి నాడు మామను నవ్విద్దామని జూసిన. ఆయన లేసిపోయిండు. గా ఇంట్ల ఒక్కరన్న నాతోని నవ్వి ఉంటే మంచిగుంటుండె' అన్నది. నాకేం సమజ్ కాలే అత్తా. ఏం మోటర్ అది?"

నా చేతిలో చాయ్ చల్లారిపోయింది. ఆనాడు అదిరిపోయిన ఆ భుజాలు నాకు మూరెడు దూరంలోనే ఉన్నాయి. కొట్టంలో బాపు తుడుచుకున్న కళ్ళు, గరిటె పట్టుకుని నిలబడిపోయిన వదిన, మడిచి అమ్మ చేతికిచ్చిన దుప్పటి, అన్నీ ఒక్కసారి ముందుకు వచ్చాయి. మోటరు కరిగినందుకు మేం ఇన్నేళ్ళు సిగ్గుపడ్డాం. ఆ సిగ్గంతా దండగ. సిగ్గుపడాల్సింది ఆమెను మా మధ్య అంతకాలం ఒంటరిగా నవ్వుకోనిచ్చినందుకు. అది ఇప్పుడు తెలిసి, ఆ పిల్ల ముందు ముఖం ఎక్కడ పెట్టుకోవాలో తెలియక, మట్టి పెళ్ళను మళ్ళీ దూదిలో చుట్టాను.

"చెప్పు అత్తా, నీళ్ళల్ల ఇడుద్దామా మరి?" అంది పద్మ.

"వద్దు బిడ్డా" అన్నాను. "దాని నిమజ్జనం మీ అమ్మ పెండ్లి నాడే అయింది."